నయమేనప్పా

కండక్టర్ నాగేంద్రకు ఒక గర్వం ఉండె. ఇరవై తొమ్మిదేండ్లు ప్రొద్దుటూరు–పులివెందుల బస్సులో టికెట్లు కొట్టినోడు గదా, మనిషి నోరు తెరిచేలోగానే నిజం చెప్తాండాడా అబద్ధం చెప్తాండాడా పట్టేస్తా అనేవాడు. ఎనిమిదేండ్ల బిడ్డను ఒళ్ళో ముడిచి కూర్చోబెట్టుకోని "ఇంకా ఐదు నిండలేదు సార్" అనే తల్లిని, ముద్దనూరుకు టికెట్ తీసుకోని పులివెందుల దాకా దొంగనిద్ర పోయేటోన్ని, పాసు ఇంట్లో మర్చిపోయినా అనేటోన్ని, అందర్నీ కండ్లు చూసి పట్టేసేవాడు. "నా కాడనా మీ ఆటలు?" అని మీసం దువ్వుకునేవాడు. ఆ గర్వమే ఆయప్పను ముంచింది. ముందే చెప్పేస్తాండా, తర్వాత నన్ను అడగొద్దు.

ఆయప్ప భార్య వనజమ్మ. చీరలకు ఫాల్స్ కుట్టి, జాకెట్లకు హుక్కులు, కాజాలు వేసే పని ఆయమ్మది. టైలర్లు మిషను మీద జాకెట్టు కుట్టి పారేస్తారు గానీ, హుక్కు నిలబడాలంటే చేత్తోనే కుట్టాల. ప్రొద్దుటూరు టైలర్లందరూ మూటలు గట్టి ఆయమ్మ ఇంటికే పంపేటోళ్ళు. వనజమ్మ హుక్కు వేసిందంటే జాకెట్టు చినగాల గానీ హుక్కు ఊడదని పేరు. అట్లాంటి ఆయమ్మ చేతిలోనుంచి పోయిన ఎండాకాలం సూది జారింది. ఒకసారి గాదు, రోజుకు పదిసార్లు. మొదట కండ్లజోడు మార్చింది. తర్వాత సూది మార్చింది. ఆ తర్వాత మంచినీళ్ళ చెంబు జారింది. నడుస్తాంటే నేల మెత్తగా దూది మాదిరి తగలతాంది అనింది. నాగేంద్ర నవ్వి, "వయసైతాందిలే వనజా" అని డ్యూటీకి పోయినాడు. వినాయకచవితి పోయినాక ఒకనాడు ఇంటి గడప దాటతా ఆయమ్మ బోర్లా పడింది. అప్పుడు గదా మన కండక్టర్ సారుకు మెలకువ వచ్చింది.

ప్రొద్దుటూరులో ఒక సర్జన్ ఉండాడు, మెడ డాక్టరని పేరు. స్కానింగ్ తీయించి, ఆ ఫిల్మును లైటుకు పెట్టి చూపించినాడు. మెడలో ఎముక పెరిగి వెన్నుపామును నొక్కతాంది అన్నాడు.

"ఇట్లే వదిలేస్తే ఏమైతాది సార్?" అని అడిగినాడు నాగేంద్ర.

"ముందు చేతులు పోతాయి. తర్వాత కాళ్ళు. ఎన్నాళ్ళకు అనేది నేను చెప్పలేను. ఆర్నెల్లు కావచ్చు, రెండేండ్లు కావచ్చు."

"ఆపరేషన్ చేస్తే?"

"ఇంకా ముదరకుండా ఆపడానికే ఆపరేషన్. పోయింది తిరిగి వస్తాదని మాటియ్యను. కొందరికి కొంత వస్తాది, కొందరికి రాదు. ఒకరిద్దరికి ఉన్నదాంట్లో కూడా కొంత పోతాది."

ఇంత వివరంగా చెప్పినాడు ఆ మనిషి. దాపరికం లేదు, తొందర పెట్టడం లేదు. ఆయన్ను తప్పు పట్టడానికి నాకైతే నోరు రాదు. కానీ నాగేంద్ర చెవికెక్కింది "కొందరికి వస్తాది" అనే ముక్క ఒకటే. వనజమ్మ చెవికెక్కింది "పోతాది" అనేది. ఒకే గదిలో, ఒకే మాట, మొగుడూ పెండ్లాం రెండు తీర్లుగా విన్యారు.

నాగేంద్ర కాసేపు నసిగి, "సార్, తప్పుగా అనుకోవద్దు. మీ దగ్గర చేయించుకున్నోళ్ళు ఎవరన్నా ఉంటే ఒక మాట అడుగుతా" అన్నాడు.

డాక్టరేమీ మొహం మాడ్చుకోలేదు. "అడగాల్సిందే. అడిగి, నిదానంగా ఆలోచించి రండి" అని, నర్సు చేత ఫోన్లు చేయించి, మాట్లాడతామని ఒప్పుకున్నోళ్ళ నంబర్లు మూడు చీటీ మీద రాయించి ఇచ్చినాడు. జమ్మలమడుగు ఇనాయతుల్లా. పులివెందుల గుల్జార్‌బీ. మూడోది ఖాజీపేట ఆదినారాయణ.

ఇంటికొచ్చినాక వనజమ్మ మంచం మీద కూర్చోని ఆ చీటీని వేళ్ళతో పట్టుకోవాలని చూసింది. అది జారి కింద పడింది. "నాకు దిక్కు తోచలేదయ్యా" అనింది. "చేయించుకుంటే ఒక భయం, చేయించుకోకుంటే ఒక భయం. నువ్వు మనిషిని చూస్తే చెప్పేస్తావు గదా. పోయి చూసి రా. చేయించుకో అంటే చేయించుకుంటా, వద్దంటే గమ్మునుంటా. ఇంగ నన్నేమీ అడగొద్దు."

"అట్లనే" అన్నాడు నాగేంద్ర.

"ఒక్క మాట మాత్రం మర్చిపోకుండా అడుగు. చేయించుకున్నోళ్ళు సూది పట్టుకోగలుగుతాండారా అని. అదొక్కటే నాకు కావాల."

ఆ మాట కూడా నాగేంద్ర "అట్లనే" అనే అన్నాడు. మొగోళ్ళు అట్లనే అంటే ఏమి జరుగుతాదో నేను వేరే చెప్పాల్నా?

మర్నాడే జమ్మలమడుగు. బస్సు అక్కడ ఆగేది పది నిమిషాలు. ఇనాయతుల్లా తాళంచెవులు చేసే మనిషి, అంగడి బస్టాండుకు ఎదురుగానే. నాగేంద్ర రోడ్డు దాటి పోయేసరికి ఆయప్ప స్టూలు మీద నుంచి లేచి నిలబడి ఎదురొచ్చినాడు. ఎక్కడా తూలలేదు. మొహం తెల్లగా, గడ్డం దువ్వుకోని, భుజం మీద టవాలు వేసుకోని హుందాగా ఉండాడు. వెనక ఆయప్ప బామ్మర్ది నయీం ఆకురాయితో తాళంచెవి ఒకటి అరగదీస్తాండాడు.

"మెడ డాక్టరు చీటీ ఇచ్చినాడు భాయ్. మా ఇంటామెకు చెయ్యాలంటాండాడు. నీకెట్లుంది?"

"నయమేనప్పా" అన్నాడు ఇనాయతుల్లా. "రా, కూర్చో. టీ తాగుదువు."

"డాక్టరు మంచోడేనా?"

"మంచోడప్పా. వాని చేతిలో ఏమీ తప్పు లేదు."

అంతలోకే అవతల డ్రైవరు హారన్ మొదలుపెట్టినాడు. అడగాల్సిన మాట నాగేంద్ర నాలిక మీదే ఉండె. కానీ అంత పెద్దమనిషిని పట్టుకోని సూది పట్టుకుంటావా అని అడగడమేంది, ఈయప్ప ఏమన్నా టైలరా అనిపించింది. "టీ ఇంకోనాడు తాగుతాలే భాయ్" అని పరిగెత్తి బస్సెక్కి రైట్ చెప్పినాడు. మనిషి నడిచినాడు, నవ్వినాడు, నయమే అన్నాడు. కండ్లలో అబద్ధం లేదు. ఒక టికెట్ కొట్టేసినట్టు ఆ నంబరు మీద గీత గీసుకున్నాడు.

పులివెందులలో గుల్జార్‌బీ ఇల్లు బస్టాండుకు దూరం. ఆటోలో పోయి రావాలన్నా ఉన్న ఇరవై నిమిషాలు చాలవు. సెలవు పెట్టి పోయుండొచ్చు. పోలేదు. ఫోన్ చేసినాడు. ఆయమ్మ కొడుకు అక్రమ్ ఎత్తినాడు. కువైట్‌లో డ్రైవరు పని వదులుకోని తల్లిని చూసుకోవడానికి వచ్చినోడు.

"మీ అమ్మకు ఎట్లుంది నాయనా?"

అవతల ఏదో మంచం కిర్రుమనింది.

"నయమే మామా" అన్నాడు అక్రమ్. "అల్లా దయ. నయమే."

"అయితే చేయించొచ్చంటావా?"

"అది మీ ఇష్టం మామా. మా అమ్మకైతే ముందుకంటే నయమే."

రెండో గీత. ఖాజీపేట ఆదినారాయణకు ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తలేదు. నాగేంద్ర దానికి కూడా ఒక అర్థం చెప్పుకున్నాడు చూడండి, బాగైన మనిషి పొలం పనుల్లో పడి ఉంటాడు, ఫోన్ ఎందుకు పట్టుకోని కూర్చుంటాడు అని. కావాలనుకున్నోనికి ఎత్తని ఫోన్ కూడా మంచిమాటే చెప్తాది.

ఇంటికి పోయి, చెప్పులన్నా విడవకుండా, "వనజా, చేయించుకుందాం. ఇద్దరికీ నయమైంది" అన్నాడు.

"సూది పట్టుకుంటాండారంటనా?"

నాగేంద్ర అబద్ధం చెప్పలేదు. నిజమూ చెప్పలేదు. "నయమైందంటే అన్నీ అయినట్టే గదమ్మే!" అన్నాడు. వనజమ్మ మొగుని మొహంలోకి చూసింది. ఆయమ్మకు టికెట్లు కొట్టిన అనుభవం లేదు పాపం. నమ్మింది.

దీపావళి అయినాక ఆపరేషన్. కాగితం మీద నాగేంద్రే సంతకం పెట్టినాడు, వనజమ్మ వేలిముద్ర వేసింది. సంతకం చెయ్యడానికి చేతిలో పెన్ను నిలబడలేదు.

మూడో నాటికి లేపి నడిపించినారు. కాలు నేల మీద గట్టిగా ఆనింది. దూది మీద నడిచినట్టు లేదు అనింది ఆయమ్మ. నాగేంద్ర నర్సులందరికీ కారం దోశలు తెప్పించి పెట్టినాడు. కడప నుంచి కూతురు పావని వచ్చి పదిహేను దినాలు ఉండి పోయింది. కట్టు విప్పినారు. గాయం మానింది. చేతులు మాత్రం రాలేదు. ఎడమ చెయ్యి ఎట్లుండేది అట్లే ఉండిపోయింది. కుడిచెయ్యి భుజం దగ్గర నుంచి పైకి లేవనే లేదు, అది కొత్తగా వచ్చింది.

డాక్టరు చూసి, "ఇట్ల కొందరికి వస్తాదని ముందే చెప్పినాను నాగేంద్రా. తగ్గొచ్చు. ఆర్నెల్లు చూద్దాం. నడక నిలబడింది, అది పెద్ద మాట" అన్నాడు. ఆయన కండ్లల్లో కూడా బాధే ఉండె. ఎవరి మీద కోపం పడాల? డాక్టరును తిడదామంటే ఆయన ముందే చెప్పినాడు. దేవుణ్ణి తిడదామంటే వనజమ్మ వింటాది. నాగేంద్ర బయటికొచ్చి ఆసుపత్రి గోడకు ఆనుకోని చాలాసేపు నిలబడినాడు.

ఇంటికాడికి మూటలు రావడం ఆగిపోయింది. ఒక టైలరు మాత్రం, పేరు చెప్పను, "వనజక్కా, నీకు బాగైనాకే కుట్టి ఇద్దువులే" అని రెండు జాకెట్లు పెట్టిపోయినాడు. అవి అట్లే గూట్లో ఉండాయి. వనజమ్మ ఏడవలేదు, మొగుణ్ణి ఒక్క మాట అనలేదు. అనింటేనే బాగుండు.

సంక్రాంతి సెలవులైపోయిన వారానికి, పులివెందుల బస్టాండులో ఒకడు ఒక ముసలామెను రెండు చేతుల మీద ఎత్తుకోని బస్సెక్కినాడు. ముందు సీటులో కూర్చోబెట్టి, ఆయమ్మ కాళ్ళను ఒకదాని పక్కన ఒకటి సర్ది పెట్టినాడు. ఆ కాళ్ళు ఎట్ల పెడితే అట్లే ఉండిపోయినాయి. ఆడోళ్ళకు ఇప్పుడు బస్సు ఫ్రీ, కార్డు చూసి సున్నా టికెట్ కొట్టాల గదా, నాగేంద్ర అలవాటుగా "ఆధార్ చూపించు నాయనా" అన్నాడు. కార్డు తీసుకోని పేరు చదివినాడు. గుల్జార్‌బీ.

చేతిలో టికెట్ మిషను అట్లే ఉండిపోయింది.

"నువ్వు అక్రమ్‌వా?"

"అవును మామా. నేనెట్ల తెలుసు నీకు?"

"మెడ డాక్టరు... నీకు ఫోన్ చేసినా నేను. మీ అమ్మకెట్లుందని."

అక్రమ్ మొహం మారిపోయింది. తల్లి వైపు ఒకసారి చూసి, లేచి, నాగేంద్రను డ్రైవరు వెనకున్న కమ్మీ దగ్గరికి తీసుకపోయినాడు.

"నయమే అంటివి గదరా నాయనా!" అన్నాడు నాగేంద్ర.

"అమ్మ పక్కనే మంచం మీద ఉండె మామా. నీ మాట ఫోన్లోంచి ఆమెకు వినపడతాండె. నేనేం చెప్తానా అని నా నోటి వైపే చూస్తాండె. ఆమె ముందర ఏం చెప్పాల్నో నువ్వే చెప్పు."

"బయటికొచ్చి చెప్పుండొచ్చు గదప్పా!"

"మళ్ళా ఫోన్ చేద్దామనే అనుకున్యా. రెండు దినాలు నీ నంబరు మీద వేలు పెట్టి తీసేసినా. అది అబద్ధం కూడా కాదు మామా. ముందు నొప్పికి పగలూ రాత్రీ అరిచేది. ఇప్పుడు నొప్పి లేదు, నిద్రపోతాది. కాళ్ళు లేవంతే. నయమే గదా?"

ముందు సీటులోంచి గుల్జార్‌బీ వెనక్కు తిరిగి, పండ్లు లేని నోటితో నవ్వింది. "ఈయప్పనా బేటా ఫోన్ చేసింది? మీ ఇంటామెకు ఎట్లుందప్పా?" అని అడిగింది. నాగేంద్ర "టికెట్, టికెట్" అనుకుంటా బస్సు వెనక్కు పోయినాడు. అక్కడ టికెట్ తీసుకోవాల్సినోడు ఒక్కడు కూడా లేడు.

జమ్మలమడుగులో బస్సు ఆగింది. డ్రైవరుతో "హారన్ కొట్టినావంటే చూడు" అని చెప్పి దిగినాడు. ఇనాయతుల్లా అదే స్టూలు మీద ఉండాడు. నయీం అదే తీరుగా తాళంచెవులు అరగదీస్తాండాడు. ఆ పొద్దు నాగేంద్ర ఇనాయతుల్లా మొహం వైపు చూడలేదు, ఒళ్ళోకి చూసినాడు. ఆయప్ప రెండు చేతులూ వేళ్ళు ముడుచుకోని ఒళ్ళో పడి ఉండాయి. టవాలు మీద ఈగ వాలితే నయీం వచ్చి తోలినాడు.

"నయమే అంటివి భాయ్."

"నయమే గదప్పా. తూలకుండా నడుస్తాండా. మసీదుకు ఒక్కన్నే పోయొస్తాండా. అంతకుముందు అదీ లేదు." ఇనాయతుల్లా గడ్డంతో బస్సు వైపు చూపించినాడు. "నువ్వు నిలబడింది ఎంతసేపు? టీ గూడా తాగకపోతివి. చేతుల సంగతి అడిగింటే చెప్పుండేటోన్ని. నువ్వు ఎట్లుంది అని అడిగితివి. ఎట్లుంది అని అడిగినోనికి ఈ దేశంలో ఎవడైనా ఇంకేం చెప్తాడు?"

నాగేంద్ర ఆ పొద్దు టీ తాగినాడు.

అప్పుడొక పట్టుదల పుట్టింది ఆయప్పకు. తర్వాతి సారి ఆసుపత్రికి పోయినప్పుడు నర్సు, "ఎవరన్నా అడిగితే మీ నంబరు ఇయ్యొచ్చా?" అనింది. "ఇయ్యి తల్లీ. తప్పకుండా ఇయ్యి" అన్నాడు. ఎవడో ఒకడు తన మాదిరి పిచ్చోడు అడుగుతాడు. వానికి ఉన్నదున్నట్టు చెప్పాల. ఎట్లుందని అడగొద్దు, చెంబు ఎత్తుతాదా, దువ్వెన పట్టుకుంటాదా, గుండీ పెట్టుకుంటాదా అని అడుగు అని నేర్పాల. రోగి వినకుండా అడగాల, రోగి వినకుండా చెప్పాల. ఇదంతా బస్సులో నిలబడి లోపల్లోపలే పదిసార్లు వల్లె వేసుకున్నాడు. చేతగాని మనిషికి చెయ్యడానికి ఇదొక్కటే మిగిలింది.

ఆ ఫోన్ ఒక ఆదివారం పొద్దున వచ్చింది. వీక్లీ ఆఫ్. వీధి చివర పెండ్లికి పిలుపు ఉంటే వనజమ్మ తయారైతాంది.

"అన్నా, మాది రాజుపాలెం. మెడ డాక్టరు నీ నంబరు ఇచ్చినాడు. మా ఇంటామెకు ఆపరేషన్ అంటాండారు."

నాగేంద్ర గబుక్కున లేచి, వనజమ్మకు వినపడకుండా ఉండాలని వీధిలోకి, మునిసిపాలిటీ కొళాయి దాకా నడిచిపోయినాడు. "చూడప్పా" అని మొదలుపెట్టినాడు. "నేను చెప్పేది బాగా విను. ఎట్లుంది అని ఎవర్నీ..."

"ఒక్క నిమిషమన్నా, స్పీకర్ పెడతా" అన్నాడు అవతలాయప్ప. "మా ఇంటామె ఈడనే ఉండాది. భయానికి రెండు దినాల నుంచి అన్నం ముట్టలేదు. నీ మాట తానే వింటాదంట. ఆ, చెప్పన్నా."

"వద్దప్పా, స్పీకరు..." అన్నాడు నాగేంద్ర. అప్పటికే ఒక ఆడగొంతు, సన్నగా, వణుకుతా లైన్లోకి వచ్చేసింది.

"అన్నా... అక్కకు ఎట్లుందన్నా?"

కొళాయి కింద బిందె నిండి నీళ్ళు పొర్లిపోతాండాయి. నాగేంద్ర నోరు తెరిచినాడు. వల్లె వేసుకున్న మాట ఒక్కటి కూడా రాలేదు. అవతల ఆయమ్మ ఊపిరి బిగబట్టుకోని ఉండాది. అది చెవికి తెలుస్తాంది. గుల్జార్‌బీ మంచం అట్లే కిర్రుమనిందేమో ఆనాడు. చేతులు పోయినాయని చెప్తే ఈయమ్మ చేయించుకోదు. చేయించుకోకుంటే మంచాన పడితే? చెప్పకపోతే చేయించుకుంటాది. చేయించుకోని ఈయమ్మ చేతులు కూడా పోతే?

"నయమేనమ్మా" అన్నాడు.

"విన్యావా?" అన్నాడు అవతల మొగుడు, సంతోషంగా. "నయమంట! లే, ఇంగ అన్నం తిను. నీ పుణ్యమన్నా, ఉంటా." ఫోన్ పెట్టేసినాడు. మళ్ళా చేద్దామని నాగేంద్ర ఆ నంబరు మీద వేలు పెట్టినాడు. తీసేసినాడు.

ఇంట్లోకి వచ్చేసరికి వనజమ్మ అద్దం ముందర స్టూలు మీద కూర్చోని ఉండాది. చీర కుచ్చిళ్ళు పక్కింటామె పెట్టి పోయింది. పైట పక్కకు పెట్టుకోని మొగుని కోసం చూస్తాంది.

"ఎవరయ్యా?"

"రాజుపాలెం ఆయప్ప. వాళ్ళ ఇంటామెకు ఆపరేషనంట."

"ఏమని చెప్పినావు?"

"నయమని చెప్పినా."

వనజమ్మ అద్దంలో మొగుని మొహం చూసింది. చాలాసేపు చూసింది.

"సూది పట్టుకుంటాదా అని అడగలేదా ఆయమ్మ?"

"అడగలేదు."

"అడిగింటే?"

నాగేంద్ర కండ్లల్లో నీళ్ళు ఆగలేదు, ఆపుకోవాలని చూడనూ లేదు. ఆయమ్మ ముందర నేల మీద మోకాళ్ళ మీద కూర్చోని, జాకెట్టు రెండు అంచులూ దగ్గరికి లాగి, కింద నుంచి ఒకటొకటే హుక్కు పెట్టడం మొదలుపెట్టినాడు. ఆ లావు వేళ్ళకు ఒక పట్టాన కుదరలేదు. ఎప్పుడో ఆయమ్మ తన చేత్తో వేసుకున్న హుక్కులు అవి, ఐదు. ఒక్కటి కూడా ఊడలేదు.